ఏటి ఒడ్డున బావగారితో

మా బావగారు ముప్పది సంవత్సరములు వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్నవారు. పుట్టినది మొదలు నీచు తాకని యింటివారు. వాదమున ఎదుటివాని మాటను కడవరకు విని, అందలి బలమెంతయో ఒప్పుకొని, ఆ పిమ్మటనే దాని ఆయువుపట్టు మీద వ్రేలు పెట్టు స్వభావము కలవారు. అట్టివారు మా అక్కయ్యతో కూడ ఈ యేడు మే నెలలో పెన్సిల్వేనియాలోని మా యింటికి వచ్చి, వచ్చిన మూడవనాటి యుదయమున నా వ్రాతబల్ల మీది రేకుపెట్టె మూత తెరచి, అందులో వరుసలుగా గ్రుచ్చియున్న చిన్న చిన్న ఈకల ఈగలను కన్నులకు దగ్గరగా పెట్టుకొని చూచుచు, "ఏమోయ్ బావమరిదీ, ఈగలను పెట్టెలో దాచితి వేమి?" అని యడిగిరి.

"అవి నిజమైన ఈగలు కావు బావగారూ, నేను కట్టినవి."

"ఏ చేతితో?"

ఆ ప్రశ్న ఆయన తప్ప మరొకరు అడుగరు. నిరుడు జనవరిలో, మంచు పేరుకొన్న రహదారిమీద ఎదురుగా వచ్చుచున్న లారీ యొకటి అదుపు తప్పి నా కారును ఢీకొన్నప్పుడు, నా కుడి భుజపుటెముక నడిమికి విరిగి, ఆ యెముకను చుట్టుకొని క్రిందికి దిగు రేడియల్ నాడిని నలిపివేసినది. పలకయు మరలును బిగించి వైద్యులు ఎముకను నిలిపిరి గాని, మణికట్టు వాడిన కాడవలె క్రిందికి వ్రాలిపోయినది. ఆ దినములలో ప్రతిరాత్రియు ఆంధ్రదేశము నుండి ఫోను చేసి, "నాడి తెగలేదు, నలిగినది, దినమునకు ఇంచుమించు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును, గాయము నుండి మోచేతిక్రింది కండరమునకు ఎంత దూరమో కొలుచుకొని, అన్ని దినములు ఓర్చుకొనుము" అని చెప్పినవారు బావగారే. అన్ని దినములు నేనేమి చేసితినో మాత్రము వారికి తెలియదు. దాచితినని కాదు, అహింసయే వ్రతముగా బ్రతికిన వారితో, నాకు ఊరట కలిగినది చేపల గాలముతో నని చెప్పుటకు నోరు రాలేదు.

"కుడిచేతితోనే" అంటిని.

ఆయన ఒక ఈగను అరచేతిలో నుంచుకొనిరి. బియ్యపుగింజకంటె కొంచెము పెద్దదైన ఉక్కు కొక్కెము. దానిమీద పసుపువన్నె పట్టుదారము. కుందేటి బొచ్చును వ్రేళ్ల నడుమ నలిపి దారమునకు పట్టించి చుట్టిన లేతగంధకపు రంగు ఒడలు. తోకకు మూడు వెండ్రుకల వంటి పోగులు. తలకడ నాలుగు చుట్లు త్రిప్పిన కోడి మెడ ఈక, దాని పోగులు కొక్కెమునకు అన్ని దిక్కుల నిగుడుకొని, నీటి మీద కాళ్లు మోపినట్లు నిలుచునవి. బావగారిది భీమవరము ప్రాంతము. కోడిపందెమునకు ఏనాడును పోయినవారు కాకున్నను ఆ గాలి పీల్చి పెరిగినవారు. ఈకను వెలుతురునకు త్రిప్పి చూచి, "కాకి కాదు, సేతువ కాదు, ఇది డేగ మెడది" అనిరి. తప్పు లేదు. ఆ యీకను నాలుగు చుట్లు చుట్టుట నాకు మొదట రెండు గంటల పని. బొటనవ్రేలు నిలువదు, దారము జారును, ఈక విడిపోవును, మరల మొదటికి వచ్చును. ఆ మాట చెప్పగా ఆయన ఈగను తిరిగి దాని గుంటలో గ్రుచ్చి, "సాయంకాలము నీ యేటికి నన్నును తీసికొనిపొమ్ము" అనిరి.

మా యేరు స్ప్రింగ్ క్రీక్. బెల్‌ఫాంట్ పట్టణము మీదుగా పోవునది. సున్నపురాతి పొరలలో నుండి ఉబికివచ్చు ఊటలతో బ్రతుకునది గనుక, వేసవిలో ఊరంతయు కాగినను ఇది చల్లగనే యుండును. చలికాలమున చుట్టుప్రక్కల చెరువులు గడ్డకట్టినను ఇది పారుచునే యుండును. ట్రౌటు చేపకు ఇంతకంటె కావలసినది లేదు. నీటి వేడి 20 డిగ్రీలు దాటెనా, ఆ చేపకు ఊపిరి బరువగును. ఒడ్డుననున్న చెక్కబల్ల మీద కూర్చుండి, ఎండ వాలుచుండగా, బావగారు నన్ను చెప్పుమనిరి, నేను చెప్పితిని.

"కాలువగట్టున జీలుగుబెండు కట్టి, వానపామును గ్రుచ్చి వేయు గాలము మీకు తెలిసినదే. అక్కడ విసరునది ఎరయు, దానికి కట్టిన సీసపు బరువును; దారము వాని వెంట పోవును. ఇక్కడ ఈగకు బరువే లేదు. బరువంతయు దారమునందే యున్నది. తొమ్మిది అడుగుల కర్రతో ఆ బరువైన దారమును వెనుకకు విసరి, అది గాలిలో పూర్తిగా విప్పుకొనువరకు ఆగి, అప్పుడు ముందునకు త్రోయవలెను. గడియారపు ముఖము మీద పది గంటల చోటునకును ఒంటిగంట చోటునకును నడుమనే కర్ర కదలవలెను, మణికట్టు విరుగరాదు. క్రొత్తవారందరును చేయు తప్పు మణికట్టును వంచుటయే; అందువలన కొందరు గురువులు కర్ర మొదలును ముంజేతికి పట్టీతో కట్టివేయుదురు. నా చేతికి అప్పటికే మణికట్టును నిలిపి యుంచు కట్టు ఉండెను, బావగారూ! ఏ లోపము చేత నేను గిన్నె పట్టలేకపోతినో, చొక్కా బొత్తము పెట్టలేకపోతినో, ఆ లోపమును కప్పిన ఆ కట్టే ఇక్కడ నన్ను మొదటి దినముననే సరియైన విద్యార్థిని చేసినది."

ఇది నా కెవరు నేర్పిరో కూడ చెప్పవలెను. మా వీథిలో ఎనుబదియేండ్ల వృద్ధు డొకరు కలరు. ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయమున జార్జి హార్వీ యను నాయన గాలపు విద్యను 1947లో పట్టపు చదువులో లెక్కకు వచ్చు పాఠ్యముగా చేసెను. మా వృద్ధుడు యౌవనమున ఆ తరగతిలో కూర్చున్నవాడు. నిరుడు ఏప్రిలులో, నేను కట్టుచేతితో ఇంటిముందు నిలిచియుండగా, పరామర్శకు ఒక్కమాటయు లేకుండ, తన యింటి పచ్చికమీద నా చేతికి కర్ర నిచ్చి, "వెనుకకు, ఆగుము, ముందునకు" అని మూడు మాటలు మాత్రము చెప్పెను. నీరు లేదు, చేప లేదు, ఈగ లేదు. దారము చివర ఎఱ్ఱ ఉన్నిపోగు ఒకటి. ఆ పచ్చిక మీద నెల దినములు విసరితిని.

బావగారు అంతయు వినిరి. నీటిమీద అప్పుడే సల్ఫర్ అను పసుపువన్నె మేఫ్లైలు లేవసాగినవి. ఏడాదిపాటు ఏటి యడుగున పురుగై బ్రతికి, ఒక్క సాయంకాలము రెక్కలు తొడిగి లేచి, ఒకటి రెండు దినములలో ముగిసిపోవు ప్రాణి అది. రెక్కలు వచ్చిన పిమ్మట తినుటకు దానికి పనికివచ్చు నోరైనను ఉండదు. ఆ సంగతి చెప్పగా ఆయన కొంతసేపు వానిని చూచి, అటుపై నా వైపు తిరిగిరి.

"ఇప్పుడు తరగతిలో పిల్లల నడిగినట్లు అడుగుదును, కోపగింపకుము. నాడి నలిగినది జనవరిలో. మణికట్టు మొదట లేచినది మే నెలలో నంటివి. నీవు ఏటికి పోకున్నను అది లేచెడిదా?"

"లేచెడిదే."

"బొటనవ్రేలు నిలిచినది అక్టోబరులో. ఏటికి పోకున్నను?"

"నిలిచెడిదే."

"అట్లయిన కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకతాళీయమునకు వైద్యమని పేరు పెట్టుట నీవంటి చదువుకొన్నవానికి తగునా? నరము తన కాలమున తాను పెరిగినది. వ్యాయామము చేయించినవారు కండరము ఎండిపోకుండ కాచిరి. చేప చేసినదేమి?"

నేను ఈ ప్రశ్నకు నెలల తరబడి సిద్ధపడియుంటిని గాని, అడిగినప్పుడు సిద్ధపడిన మాటలు పనికిరాలేదు. "బావగారూ, చేతికి చేప ఏమియు చేయలేదు. ఆ వాదము నేను చేయను. కాని దినమునకు ఒక మిల్లీమీటరు అని మీరు చెప్పిన ఆ దినముల సంగతి వినుడు. గంటకు ఒకమారు, పది పర్యాయములు, లేవని మణికట్టును లెమ్మని తలచుట, లేవకపోవుట చూచుట, ఇదియే నా వ్యాయామము. ఇంటికి వచ్చిన ప్రతివారి చూపును మొదట నా ముఖము మీద గాక చేతిమీద పడెడిది. మా అమ్మాయి నా బూటు లేసులు కట్టుచు చేతివైపు చూడకుండుటకు ప్రయత్నించెడిది. ఆ ప్రయత్నము నాకు కనబడెడిది. నేను సైతము నిద్రనుండి లేచి మొదట చూచునది దానినే. ఆ చేయి మా యింట మంచము పట్టిన చుట్టమై కూర్చున్నది. మాటలన్నియు దానిచుట్టే తిరుగును. దానికి వినబడునేమో యని మెల్లగా మాటాడుకొందుము. పచ్చికమీద మొదటి దినమున, వెనుకకు పోయిన దారము విప్పుకొన్నదా లేదా యని తల త్రిప్పి చూచుచున్న ఒక క్షణమున, నాకు చేయి యున్నదన్న సంగతి మరచితిని. మరచితినని తెలిసినది తరువాత. బావగారూ, మూడు నెలలుగా నేను చేతిని చూచుచుంటిని. ఆనాడు నా చేయి మరియొకదానిని చూచినది. నేను వైద్యమనునది దానిని."

ఆయన తల యూచిరి. ఒప్పుకొన్న తల యూపు కాదు. విన్నానను తల యూపు. "దృష్టి బయటికి మరలుట మేలనుట నేను కాదనను. రోగి తన రోగమునే తలచుకొనుట రోగములో సగము. కాని దృష్టి మరలుటకు వీణ లేదా? చిత్రలేఖనము లేదా? కన్నులు మూసికొని జపము చేసికొనరాదా?"

"కన్నులు మూసినచో లారీ దీపములు వచ్చెడివి" అంటిని. ఆయన ఊరకుండిరి. నేను కొనసాగించితిని. "వీణమీద ప్రతి స్వరమును నా వ్రేళ్ల లోపమును లెక్కించి చెప్పును, కాగితముమీద ప్రతి గీతయు వణకును చూపును. ఏటిమీద అట్లు కాదు. దారము నీటిపై వ్రాలుటలో తప్పున్నచో అది ప్రవాహమునకు సంబంధించిన తప్పు; ఏ రాతి వెనుక నీరు సుడితిరుగుచున్నది, ఈగ మీది దారమును ఏ పాయ లాగివేయుచున్నది, చేప ఎచట మూతి నీటిపైకి తెచ్చినది, ఇవియే ఆలోచన. పైగా ఇది నా యొక్కని పిచ్చియు కాదు. వెర్మాంటు రాష్ట్రమున 1996లో ఒక వైద్యురాలును గాలపు విద్య నెరిగిన మరొక స్త్రీయును కలిసి, స్తనక్యాన్సరు చికిత్స పొందిన స్త్రీలకొరకు కాస్టింగ్ ఫర్ రికవరీ అను సంస్థను స్థాపించిరి. శస్త్రచికిత్స పిదప భుజము బిగిసిపోకుండ చేయించు సాధనకును ఈ విసరు కదలికకును పోలిక యున్నదని వారి యనుభవము. 2005లో వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో, అచ్చటికి చికిత్సకై వచ్చిన ఎడ్ నికల్సన్ అను విశ్రాంత నౌకాదళాధికారి, యుద్ధమున అవయవములు పోగొట్టుకొని వచ్చిన యువకులకు ఇదే నేర్ప నారంభించెను. ఆ ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ తరువాత దేశమంతట వ్యాపించినది."

"సంస్థ లుండుట ప్రమాణము కాదు."

"కాదు. మూడువందల యేండ్లకు పైబడిన మాట యొకటి కలదు. ఐజాక్ వాల్టన్ 1653లో కంప్లీట్ ఆంగ్లర్ అను గ్రంథము వెలువరించెను. అది కూడ సంవాదమే. రెండవ కూర్పు నాటికి ఒకడు గాలమువాడు, ఒకడు వేటగాడు, మరొకడు డేగల నాడించువాడు. ఈగ గాలమును గూర్చిన అసలు భాగము 1676లో ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ చేర్చినది. ఆ వాల్టనునకు మొదటి భార్యవలన కలిగిన బిడ్డలలో ఒక్కరును దక్కలేదు, భార్యయు పోయెను, ఆయన నమ్మిన రాజును 1649లో శిరశ్ఛేదము చేసిరి. అంత శోకము తరువాత ఆయన వ్రాసిన గ్రంథమున పచ్చికబయళ్లును, ఏళ్లును, చేపలును తప్ప మరేమియు లేదు. హెమింగ్వే 1918లో ఇటలీ యుద్ధభూమిని ఫిరంగిగుండు ముక్కలచేత గాయపడి వచ్చి, మరుసటి యేడు మిషిగన్ ఉత్తరపు అడవి యేటికడ చేపలు పట్టెను. ఆ యనుభవమును కథగా 1925లో గ్రంథస్థము చేసినప్పుడు అందులో యుద్ధము పేరు కూడ ఎత్తలేదు. ఆయన కథలోని ఎర మిడుత, ఈకల ఈగ కాదు. అయినను ఏరు ఏరే."

బావగారు లేచి నీటి అంచువరకు నడచిరి. నాలుగు గజముల దూరమున, రావికొమ్మవలె వంగిన ఒక చెట్టు నీడలో, ట్రౌటు చేప యొకటి ఒక్కటొక్కటిగా మేఫ్లైలను నీటిపైనుండి తీసికొనుచుండెను. మూతి కనబడును, వలయ మొకటి విచ్చుకొనును, మరల నీరు నున్నబడును. చాలసేపు చూచిరి. తిరిగి వచ్చి కూర్చుండిన పిమ్మట ఆయన కంఠము మారినది.

"నేను 2003 నాటి ఒక వ్యాసము విద్యార్థులకు చెప్పెడివాడను. స్కాట్లండులో లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలు ఈ ట్రౌటు జాతి చేప పెదవులలోనే తేనెటీగ విషమును, ఆమ్లమును ఎక్కించి చూచినది. ఆ పెదవులలో నొప్పిని గ్రహించు నాడీతంతువులు ఉన్నవని తేల్చినది. ఆమ్లము పొందిన చేపలు గులకరాళ్లకు పెదవులు రాచుకొన్నవి; అటునిటు ఊగినవి; ఇంచుమించు మూడు గంటలు మేత ముట్టలేదు. నీ నాడి నలిగినప్పుడు నీకు తెలిసిన బాధ, ఆ చేపకును దాని నాడి మేరకు తెలియును. నీవు ఏ నోట కొక్కెము గ్రుచ్చుచున్నావో ఆ నోటిని గూర్చియే నేను మాటాడుచున్నాను."

"చేప మెదడులో నియోకార్టెక్సు లేదు గనుక, ప్రతిక్రియ యున్నను బాధయను అనుభవము ఉండదని, 2002లో జేమ్స్ రోజ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాదించినాడు" అంటిని. అనుచుండగనే ఆ మాటమీద నాకు పూర్తి నమ్మకము లేదని నా కంఠమే చెప్పినది.

"వాదించినాడు; నేనును చదివితిని. మెదడులో ఆ పొర లేనివానికి బాధ ఉండదని మనము నిశ్చయముగా చెప్పగలమా? నిశ్చయము లేనిచోట అనుమానపు ఫలము ఎవరికి ఈయవలెను? కొక్కెము పట్టినవానికా, కొక్కెము పడినదానికా? బైరను మహాకవి నీ వాల్టనును క్రూరుడని తిట్టిపోసెను గదా. ఆయన సాధువు కాడు, అయినను ఆ విషయమున ఆయన కన్ను సరిగానే చూచినది. జర్మనీలో, తినుటకు కాక కేవలము వదలివేయుటకే చేపను పట్టుట ప్రాణిరక్షణ ధర్మమునకు విరుద్ధమందురు. ఆకొన్నవాడు పట్టి తినెనా, నేను తినకున్నను, అర్థము చేసికొందును. నీవు తినవు, పట్టి వదలుదువు. నీ కోలుకొనుటకు మరొక ప్రాణి నోరు మూల్యము కావలెనా?"

నేను చేయు జాగ్రత్తలు చెప్పితిని: కొక్కెపు మొన వెనుకనుండు ఎదురుముల్లును పటకారుతో నొక్కివేయుదును, చేపను పొడిచేతితో తాకను, దాని ఒంటిమీది జిగురుపొర చెడునని, నీటినుండి వెలికి తీయకనే చిక్కములో నుంచి కొక్కెము విప్పుదును, ఎండలు ముదిరి నీరు వెచ్చబడిన దినములలో ఏటికే పోను. ఆయన అన్నియు విని, "దొంగ తలుపు పగులగొట్టక తాళము తీసి లోనికి వచ్చినట్లున్నది" అనిరి. ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. ఇప్పటికిని గ్రుచ్చుకొనియే యున్నది.

అప్పుడు నేను ఏటి చరిత్ర ఎత్తుకొంటిని. ఈ నీటిలో ఒక రసాయనపు కర్మాగారము నుండి వచ్చిన కీపోను, మైరెక్సు అను విషములు చేరి, చేప మాంసమున నిలిచినవి. తినుటకు తగదని 1982లో ప్రభుత్వము ఈ యేట చేపను చంపుట నిషేధించి, కొలనులలో పెంచిన చేపలను తెచ్చి వదలుటయు మానెను. చంపువారు లేకపోగా, పుట్టినచోటనే పెరిగిన ట్రౌటు తెరపి లేకుండ నిండినది. విషము చేత రక్షణ కలుగుట విచిత్రమైన సంగతి. కాని ఏటిని కనిపెట్టి యుండినవారు, ఊటలను పూడ్చనీయక, ఒడ్డున చెట్లు నాటి, మురుగు కలిసినప్పుడెల్ల గొంతెత్తినవారు గాలమువారే. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అను సంఘము 1959లో మిషిగన్‌లో గాలమువారు స్థాపించినదే. "ఈ కర్రలు లేకున్నచో ఈ చేపకు ఈ నీరే లేదు బావగారూ."

"ప్రేమించి కాపాడిరి, మంచిది. నీటిని కాపాడినందులకు కూలిగా చేప పెదవిని పుచ్చుకొనవలెనని ఎక్కడ వ్రాసియున్నది?"

దానికి సమాధానము నావద్ద లేదు. కొంతసేపు ఇరువురమును మాటాడలేదు. చీకటి పడకముందు వచ్చు ఆ లేతవెలుతురులో మేఫ్లైలు తిరిగి నీటిపై వ్రాలుచున్నవి. అప్పుడు చెప్పితిని, ఎవరికిని చెప్పని సంగతి.

రేడియల్ నాడి చెడినవానికి, చేతి వెనుకప్రక్కను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నున్న చర్మమున స్పర్శ యుండదు. వైద్యవిద్యార్థి ప్రతివాడును వల్లించు చోటు అది. బావగారు వేలమందిచేత వల్లింపజేసిన చోటు. నాకును ఆరు మాసములు అచ్చట అట్ట యతికించినట్లుండెను. నిరుడు జులైలో ఒక వేకువను, నీరు ఇంకను చల్లగా నున్నప్పుడు, చిక్కములోని చేపను రెండు చేతులనడుమ పట్టి ప్రవాహమునకు ఎదురుగా నిలిపితిని. అది ఊపిరి తీసికొనువరకు అట్లు పట్టియుండవలెను. మొప్పలు తెరచుకొనుచు మూసికొనుచు నుండెను. ఒడలిమీద ఎఱ్ఱని చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టును నీలపు వలయము. దానికి బలము వచ్చి, తోక ఒక్కమారు విదల్చి నా వ్రేళ్లలోనుండి జారి పోయినప్పుడు, ఆ తోక త్రోసిన నీరు నా చేతి వెనుకకు తగిలినది. చల్లగా తగిలినది. అట్ట యతికించిన చోట.

"ఏ చోట?" అని బావగారు అడిగిరి. ఎరిగియే అడిగిరి. నేను చేయి చాచగా, ఆయన తన చూపుడువ్రేలితో ఆ చోటును మెల్లగా తాకి, "తెలియుచున్నదా?" అనిరి. "తెలియుచున్నది." ఆయన నా చేతిని వెంటనే వదలలేదు. ఈ వాదములో ఆయన కన్ను చెమర్చిన క్షణము అది యొక్కటే. దానిని నేను నా వాదమునకు సాక్ష్యముగా వాడుకొనను.

ఆయనయు వాడుకొననీయలేదు. కొంతసేపటికి, అదే మెత్తని కంఠముతో, "నీటిలో ఊరక చేయి ముంచినను ఆ చల్లదనము తెలిసెడిది గదా, నాయనా" అనిరి.

"తెలిసెడిదే. కాని నేను ముంచియుండను. ఆ చేతిని నేను జేబులో దాచుకొని తిరుగుచుంటిని. ఒక ప్రాణి నా చేతిలో నున్నది గనుక, అది బ్రతుకవలెను గనుక, రెండు చేతులును నీట పెట్టితిని."

"దాని నోటికి కొక్కెము తగిలించి, అటుపై బ్రతికించితివి."

"ఔను."

ఆ "ఔను"తో వాదము ముగిసినదని నేననుకొంటిని. లేచి ఇంటికి నడచుచుండగా ఆయన చెట్లనడుమ నిలిచి, "నీవు చెప్పినదంతయు నిజమైనచో, దారము, ప్రవాహము, చేప మూతి, ఈ మూడును చాలును. నాలుగవది, కొక్కెపు మొన, దేనికి? దానిని కోసివేసి విసరి చూడుము. చేప ఈగను తీసికొనును, వదలును. నీ వైద్యము నీకు దక్కును, దాని నోరు దానికి దక్కును" అనిరి.

మరునాటి సాయంకాలము శ్రావణముతో మూడు ఈగల కొక్కెములను వంపుకడ కత్తిరించితిని. ఉక్కుముక్కలు మూడు బల్లమీద పడినవి. బావగారు వానిని ఏరి కాగితములో చుట్టి తీసికొనిరి. నిన్నటి చెట్టునీడనే, నిన్నటి చేపయే యనుకొందును. నాలుగవమారు విసరినప్పుడు దారము సరిగా వ్రాలినది. ఈగ గడ్డిపోచవలె కొట్టుకొనిపోయి, మూతి లేచి, మాయమైనది. అలవాటు చొప్పున కర్ర ఎత్తితిని. ఒక్క క్షణము, రెప్పపాటు కూడ కాదు, ప్రాణమున్న బరువు నా ముంజేతివరకు వచ్చి, పోయినది. దారము తేలికయై నా కాళ్లచుట్టు వచ్చి పడెను.

"పట్టినదా?" అని ఒడ్డునుండి అడిగిరి.

"పట్టినది."

"వదలినదా?"

"వదలినది."

"నీ చేతి కెట్లున్నది?"

అబద్ధమాడుటకు తగిన మనిషి కారు ఆయన. "వెలితిగా నున్నది బావగారూ. ఇంకను పట్టియుండవలెనని వెదకుచున్నది" అంటిని. ఆయన ఏమియు అనలేదు. చేపకు అది ఊరక శ్రమ, వచ్చిన ఆకలికి దొరికిన మోసము గదా యని నేనే పైకి అనగా, "అదియు ఉన్నది, కాని ముల్లు లేదు" అని మాత్రము అనిరి. చీకటి పడువరకు మరి ఆరుమార్లు విసరితిని. రెండు మార్లు మూతి లేచినది.

బావగారు జులైలో స్వదేశము చేరిరి. ఆనాటికి నా రేకుపెట్టెలో కొక్కెము కోసిన ఈగలు మూడు, కోయనివి పదునాలుగు. ఇప్పుడును ఆదివారము ఆదివారము ఫోను చేయుదురు. చేతిని గూర్చి అడుగుట మానివేసిరి. "పెట్టె ఎట్లున్నది?" అందురు. కోసినవి ఆరు, కోయనివి పదునొకండు అని నిన్న చెప్పితిని.